లేజీటౌన్ చూపిస్తే పిల్లలకి మంచి అలవాట్లు వస్తాయా?

మీ నాలుగేళ్ల బాబుకి లేజీటౌన్ అనే పిల్లల టీవీ షో పెడితే కూరగాయలు తింటాడా, కాస్త కదిలి ఆడతాడా అని అడిగారు కదా. మా పాపకి సరిగ్గా అదే వయసులో ఈ షో పిచ్చి పట్టింది కాబట్టి చెప్తున్నా, గెంతులకీ నిద్రకీ బాగా పనికొచ్చింది, తిండి దగ్గర మాత్రం పెద్ద తేడా ఏం కనపడలేదు.

తెలియని వాళ్ళకి, ఇది ఐస్‌లాండ్ షో, 2004లో నికలోడియన్ ఛానెల్‌లో మొదలై మధ్యలో చాలా గ్యాప్ తీసుకుని 2014 దాకా వచ్చింది. దీన్ని మొదలెట్టింది మాగ్నస్ షెవింగ్ అనే ఏరోబిక్స్ ఛాంపియన్, హీరో స్పోర్టకస్ కూడా ఆయనే. ఆ పల్టీలు చూసి మా పాప అసలు కూర్చునేది కాదు, సోఫా ఎక్కడం దూకడం, ఎక్కడం దూకడం. ఎపిసోడ్ చివర్లో డాన్స్ పాట వస్తుంది, అప్పుడు నేనూ లేచి చేస్తే తను టీవీ ఆపేశాక కూడా చేస్తూనే ఉండేది, నేను ఫోన్ పట్టుకుని కూర్చున్న రోజు వచ్చి నా పక్కనే చతికిలబడేది. అంచేత రిమోట్ ఇచ్చేసి వంటింట్లోకి వెళ్ళిపోదాం అనుకుంటే మాత్రం లాభం లేదండి.

నిద్ర విషయం ఇంకా బాగుంది. స్పోర్టకస్ రోజూ 8:08కి పడుకుంటాడు. అప్పుడప్పుడే అంకెలు నేర్చుకుంటున్న పాపకి డిజిటల్ గడియారంలో ఎనిమిది సున్నా ఎనిమిది కనపడితే చాలు, తనే మంచమెక్కేది, ఇది మేం చెప్తే వచ్చేది కాదు.

ఇక తిండి. షోలో పండ్లనీ కూరగాయల్నీ స్పోర్ట్స్ క్యాండీ అంటారు. ఆపిల్‌ని ఆ పేరుతో అడిగి మరీ తినేది, కానీ ఆపిల్ ముందు నుంచీ తినేదే కదా! బీన్స్‌కి అదే పేరు పెట్టి చూస్తే "ఇది క్యాండీ కాదు నాన్నా" అని ప్లేటు పక్కకి నెట్టింది. సెసమీ స్ట్రీట్ అనే అమెరికా పిల్లల షో వాళ్ళు ఒక టెస్ట్ చేశారు, చాక్లెట్, బ్రోకలీ రెండూ పెడితే 22 శాతం మంది పిల్లలే బ్రోకలీ అన్నారట, బ్రోకలీ మీద ఆ షోలోని ఎల్మో బొమ్మ అంటిస్తే అది 50 శాతం అయింది. సరే, కానీ కావాలని చెప్పడం వేరు, నమిలి మింగడం వేరు. కొత్త రుచి అలవాటవ్వాలంటే పిల్లలకి అది పదిసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసార్లు కొంచెం కొంచెంగా పెట్టాల్సిందే, ఆ పని ఏ టీవీ హీరో మన బదులు చెయ్యడు.

నాకు నచ్చనిది ఒకటుంది. చక్కెర నోట్లో పడితే స్పోర్టకస్ కుప్పకూలిపోతాడు, ఆపిల్ తింటే లేస్తాడు. ఒక బర్త్‌డే పార్టీలో కేక్ తింటున్న పిల్లాడి దగ్గరకెళ్ళి మా పాప "నువ్విప్పుడు పడిపోతావ్" అంది, వాడు స్పూన్ వదిలేసి ఒకటే ఏడుపు. స్వీటుని విషంలా చూపిస్తే ఇలాగే అవుతుంది. సెసమీ స్ట్రీట్‌లో 2005లో కుకీలంటే పడిచచ్చే బొమ్మ కుకీ మాన్‌స్టర్‌కే కుకీలు అప్పుడప్పుడు తినేవని నేర్పించారు, నాకు అది సబబుగా అనిపించింది. ఇంకోటి, విలన్ రాబీ రాటెన్ హీరో కంటే సరదాగా ఉంటాడు (2018లో చనిపోయారు ఆ నటుడు స్టెఫాన్ కార్ల్, భలే చేసేవారు), మీ వాడు రాబీలాగా రోజంతా సోఫాలో దొర్లుతానంటే కంగారు పడకండి, మా ఇంట్లోనూ ఆ వేషాలు అయ్యాయి.

నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి మొత్తం స్క్రీన్ గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, కాబట్టి ఒక్క ఎపిసోడ్ పెట్టండి, అరగంటలోపే అయిపోతుంది. సాయంత్రం వెలుగుండగానే పెట్టండి, పడుకునే ముందు పెడితే ఆ గెంతులకి ఉన్న నిద్ర కూడా పోతుంది. అన్నం తినేటప్పుడు మాత్రం వద్దు, టీవీ చూస్తూ తింటే నోట్లోకి ఏం వెళ్తుందో కూడా చూసుకోరు.