కొట్టు పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఊళ్లోనే కిరాణా కొట్టు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సరుకు దించుకునే ముందు ఈ నాలుగు మాటలూ చదువు.

ఇప్పుడు పల్లెలో ఎవరూ ఉత్త 'సబ్బు' అని అడగరు, పేరు పెట్టి అడుగుతారు. చుట్టం వస్తే పళ్లెంలో టీవీలో చూపించే బిస్కెట్టే ఉండాలి, లేకపోతే చిన్నతనం. దాన్ని వెక్కిరించకు. కూలి డబ్బులతో కొనే మనిషికి అది పరువు. అడిగిన పేరు ఉంచు, కానీ అయిదు, పది రూపాయల పాకెట్లలో, వారానికి సరిపడానే. సబ్బులు, అగరొత్తులు ఉన్న అరలో టీ పొడి, బిస్కెట్లు పెట్టకు. వాసన పట్టేస్తాయి.

అసలు భయం నకిలీలతోనే. పేరులో ఒక్క అక్షరం తేడా, రంగూ బొమ్మా అవే. డజనుకు రెండు ఉచితం అంటారు, బిల్లు మాత్రం ఇవ్వరు. చదువురాని ముసలమ్మ కాగితం రంగు చూసే కొంటుంది, నిన్ను నమ్మి. అలాంటి సరుకు తెలిసి అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద కొట్టువాడికీ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. తినే సరుకైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా ఉంటేనే దించుకో.

నూనె పాకెట్ల దగ్గర ఇంకాస్త ఆగు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూపుకు అంతే కనిపించే పాకెట్లో 850 గ్రాములే ఉండొచ్చు. మొదటిది 150 రూపాయలు, రెండోది 142 అనుకో. రెండోదే చవకనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటిది గ్రాము 16.5 పైసలు, రెండోది 16.7. జనం పాకెట్ ధరే చూస్తారు, బరువు చూడరు. రెండూ పక్కపక్కన పెట్టి, గ్రాముల అంకె వేలితో చూపించి, ఆ తర్వాతే అమ్ము.

సబ్బులో 'టాయిలెట్ సోప్' వేరు, 'బాతింగ్ బార్' వేరు. గ్రేడ్-1 టాయిలెట్ సోపులో టీఎఫ్‌ఎం, అంటే కొవ్వు పాలు, 76 శాతానికి తగ్గకూడదు. బాతింగ్ బార్‌లో అది తక్కువ, తొందరగా నాని కరిగిపోతుంది.

కందిపప్పు మిల్లు నుంచి తెచ్చి, ఏరించి, గాజు సీసాలో కనబడేలా ఉంచు. కళ్లముందే తూచి ఇవ్వు. ముందే కవర్లలో కట్టి అంటించావా, దానిమీద నీ పేరు, చిరునామా, నికర బరువు, తేదీ, ఎంఆర్‌పీ అన్నీ ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించు.

కంపెనీ సరుకు అరువు ఇవ్వకు. అందులో మిగిలేది తక్కువ, పైగా డిస్ట్రిబ్యూటర్‌కు నగదే కట్టాలి. అరువు తప్పకపోతే పప్పు, బియ్యంలో ఇవ్వు, అదీ పుస్తకంలో వాళ్లముందే రాసి.

ఇట్లు,
మీ మామయ్య