ముందరికాళ్ల బంధం

నాయనా,

బ్యాంకు పరీక్షకు చదువుతూ ‘ఇంపీడ్’ అనే ఇంగ్లీషు మాట దగ్గర చిక్కుకున్నానని రాశావు. నిఘంటువులో దానికీ ‘అడ్డగించు’, ‘ప్రివెంట్’కూ ‘అడ్డగించు’, మరి తేడా ఏందని అడిగావు. అర్థం బట్టీ పట్టొద్దు. ముందు ఒక గాడిదను తలుచుకో.

మా చిన్నప్పుడు పెన్న ఒడ్డున గాడిదలను మేతకు వదిలేవాళ్లు. వదిలేముందు రెండు ముందరికాళ్లకూ జానెడు ఎడం ఉంచి తాడు కట్టేవాళ్లు. పాపం, అది నిలబడిపోయేది కాదు. కుప్పిగంతులు వేసుకుంటూనే మేసేది, కానీ సాయంత్రానికి రేవు దాటేది కాదు. అదీ ఇంపీడ్ అంటే. గుంజకు కట్టేశారనుకో, అది ప్రివెంట్.

1820లో ఉద్యోగానికి కడప వచ్చిన బ్రౌన్ దొర మన మాటలకు ఇంగ్లీషు వెతుక్కున్నాడు. నువ్వు వాళ్ల మాటకు మనది వెతుక్కో: ముందరికాళ్లకు బంధం వేయడం. నేనేదో అతికిస్తున్నాననుకోవద్దు. లాటిన్‌లో ‘పెస్’ అంటే పాదం, మన ‘పాదం’కు చుట్టమే. ఆ కాళ్లను చిక్కులో పెట్టడంలోంచే ఇంపీడ్ పుట్టింది. చిక్కు విప్పితే ‘ఎక్స్‌పెడైట్’. ఆఫీసులో పెద్దసారు ఫైలు మీద ఆ మాట రాశాడంటే తాడు విప్పమని, అంటే పని త్వరగా కానివ్వమని అర్థం. విప్పుతారా లేదా అనేది వేరే సంగతి.

టీచరుగా చేరిన కొత్తలో నేను ‘జ్వరం నన్ను ఇంపీడ్ చేసింది’ అని ఇంగ్లీషులో లీవు లెటరు పంపాను. మర్నాడు హెడ్మాస్టరు, ‘అయితే మెల్లగా నడుచుకుంటా రావాల్సింది కదయ్యా’ అన్నాడు. స్టాఫ్ రూమంతా నవ్వులు.

ఇంపీడ్ తర్వాత ‘టు’ తగిలించొద్దు. దేనికి ఆటంకమో నేరుగా దాని పేరే వస్తుంది: ‘ఫాలెన్ రాక్స్ ఇంపీడెడ్ ట్రాఫిక్’. ఫలానా మనిషిని ఫలానా పని సాఫీగా చేసుకోనీయలేదు అనాలంటే ‘హిండర్’ వాడి, వెనక ‘ఫ్రమ్’, ఆపైన ‘ఇంగ్’ రూపం పెట్టు. ‘హ్యాంపర్’ వార్తల్లో ఎక్కువగా ‘బై’తో కనబడుతుంది: ‘ది వర్క్ వాజ్ హ్యాంపర్డ్ బై రెయిన్’. పని నత్తనడక నడిచిందనే, ఆగిందని కాదు. దీపావళికి ఇచ్చే గిఫ్ట్ హ్యాంపర్‌తో దీన్ని కలపొద్దు, అది బుట్ట. స్పెల్లింగ్ ఒకటే, వంశం వేరు.

ఇంపీడ్, హిండర్, హ్యాంపర్ మూడింటికీ రెండేసి వాక్యాలు రాసి పోస్టులో పంపు. వీడియో కాల్ మాత్రం చేయొద్దు. మా వీధిలో సిగ్నల్ విషయం ఇంపీడ్ కాదు, ప్రివెంటే.

మీ జేజినాయన