బీఎఫ్‌ఏలో చేరిన అమ్మాయికి ఎలాంటి కంప్యూటర్ కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయికి హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అప్లైడ్ ఆర్ట్ సీటు వచ్చింది. తరగతులు మొదలయ్యేలోగా ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నాం. మాది చిన్న బట్టల దుకాణం, డెబ్బై వేలకు మించి పెట్టలేను. షాపువాళ్లు గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమంటున్నారు. అమ్మాయి మ్యాక్‌బుక్ కావాలంటోంది. ఏది కొనమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందుగా మీ అమ్మాయికి అభినందనలు. మీరు రెండింటిలో ఏదని అడిగారు గానీ, నా సలహా మాత్రం ఇప్పుడే ఏదీ కొనవద్దని. బీఎఫ్‌ఏ మొదటి సంవత్సరంలో సాధారణంగా పునాది పాఠాలే ఉంటాయి. డ్రాయింగ్, రంగుల అధ్యయనం, అక్షర రచన, మట్టితో నమూనాలు వంటివన్నీ చేత్తో చేయవలసిన పనులు. ఇప్పుడు కొన్న ల్యాప్‌టాప్‌కు ఇచ్చే ఏడాది వారంటీ అసలు పని మొదలయ్యే నాటికే ముగిసిపోతుంది. ఈ ఏడాది ఆ డబ్బులో కొంత కార్ట్రిడ్జ్ షీట్లకు, పోస్టర్ కలర్లకు, మంచి కుంచెలకు కేటాయించండి. ఆ ఖర్చు మీరు ఊహించిన దానికంటే ఎక్కువే ఉంటుంది. రెండో సంవత్సరం మొదట్లో, సీనియర్లు ఏ సాఫ్ట్‌వేర్‌పై పని చేస్తున్నారో చూసి కొనవచ్చు.

కొనే రోజు వచ్చినప్పుడు అందరూ ప్రాసెసర్ గురించి చెబుతారు. మీరు మాత్రం మొదట తెర గురించి అడగండి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటి తెరలు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర చూపగల రంగుల విస్తృతికి ఒక కొలత) రకానివి. అంటే సాధారణ డిజైన్ పనికి ప్రమాణంగా తీసుకునే ఎస్‌ఆర్‌జీబీ రంగులలో దాదాపు మూడింట రెండు వంతులే అవి చూపగలవు. అటువంటి తెర మీద పండు మిరప ఎరుపు వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. అది చూసి విద్యార్థి రంగును మరింత గాఢం చేస్తుంది, తీరా ముద్రించిన కాగితం చూస్తే రంగు మితిమీరి ఉంటుంది. బట్టల వ్యాపారంలో ఉన్నవారు కాబట్టి, ట్యూబ్‌లైటు కింద ఎంచుకున్న చీర ఎండలో వేరే రంగులో కనిపించినప్పుడు వచ్చే తగాదా మీకు తెలిసే ఉంటుంది, ఇదీ అలాంటిదే. అందుచేత ఐపీఎస్ లేదా ఓఎల్‌ఈడీ అనే రకం తెర, ఎస్‌ఆర్‌జీబీ నూరు శాతం లేదా దానికి చేరువలో ఉన్నదే తీసుకోవాలి. ఈ సంగతి పెట్టె మీద తరచుగా ఉండదు, తయారీ సంస్థ ఇచ్చే పూర్తి వివరాల పట్టికలో మోడల్ నంబరుతో సహా సరిచూసుకోవాలి.

తరువాతిది ర్యామ్, అంటే పని చేస్తున్నప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక జ్ఞాపకస్థలం. ఏ2 పరిమాణంలో ఒక పోస్టరును ముద్రణకు తగిన 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తయారు చేస్తే అందులో 4961 × 7016 పిక్సెళ్లు ఉంటాయి. అంటే నిండుగా గీసిన ఒక్కో లేయర్‌కు (బొమ్మలో ఒకదానిపై ఒకటి పరిచే పొరకు) దాదాపు 140 ఎంబీ జ్ఞాపకస్థలం కావాలి. ఇరవై లేయర్లు పెడితే అవే 2.8 జీబీ అవుతాయి. దీనికి విండోస్, బ్రౌజర్, వెనక్కి వెళ్లడానికి సాఫ్ట్‌వేర్ దాచుకునే పాత దశలు కలిపితే 8 జీబీ ర్యామ్ ఎందుకు చాలదో అర్థమవుతుంది. 16 జీబీ ఉండాలి, తరువాత పెంచుకునే వీలున్న మోడల్ అయితే ఇంకా మంచిది. నిల్వకు 512 జీబీ ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. ప్రాసెసర్ విషయంలో ఇటీవలి మధ్యస్థాయి రకం ఏదైనా పోస్టర్లకు, లోగోలకు, పుస్తకాల పేజీలకు చాలు.

గేమింగ్ ల్యాప్‌టాప్ పనికిరానిదని కాదు. అందులోని గ్రాఫిక్స్ కార్డు బ్లెండర్ వంటి త్రీడీ సాఫ్ట్‌వేర్లలో రెండరింగ్‌ను, అంటే నమూనా నుంచి తుది బొమ్మ తయారుచేసే పనిని, ఎంతో వేగవంతం చేస్తుంది కాబట్టి, యానిమేషన్ విద్యార్థి అయితే నేనే కొనమనేవాడిని. పోస్టర్లు, లోగోల వంటి డిజైన్ పని నేర్పే అప్లైడ్ ఆర్ట్‌లో ఆ కార్డుకు అంత పని ఉండదు. పైగా ఈ ధరలో దొరికే గేమింగ్ మోడళ్లలో కొన్నింటికి నేను పైన చెప్పిన వెలిసిన తెరే ఉంటుంది. హాస్టల్ నుంచి రోజూ మోయడానికి బరువు కూడా ఎక్కువ.

మ్యాక్‌బుక్ ఎయిర్ మీద మీ అమ్మాయికి ఉన్న మోజును తేలికగా తీసిపారేయలేను. దాని తెర మంచిది, బ్యాటరీ ఎక్కువసేపు ఆగుతుంది. అయితే దాని మెమరీని కొన్న తరువాత పెంచడం సాధ్యం కాదు, త్రీడీ పనికి వాడే త్రీడీఎస్ మ్యాక్స్ వంటి కొన్ని సాఫ్ట్‌వేర్లు అందులో నడవవు. 16 జీబీ ఉన్న మోడల్ మీ మొత్తంలో తగ్గింపు ధరకు దొరికితే కొనండి. 8 జీబీది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అప్పు చేసి మాత్రం కొనకండి.

ఉన్న డెబ్బై వేలూ ల్యాప్‌టాప్‌కే పెట్టకుండా పది వేలు పక్కన పెట్టండి. ఇందులో సగంతో కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో బొమ్మలు గీసే, తెర లేని చిన్న పెన్ ట్యాబ్లెట్ వస్తుంది. వాకామ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ వంటి సంస్థలవి ఏవైనా నేర్చుకోవడానికి సరిపోతాయి. మిగిలిన సగం బయటి హార్డ్ డిస్క్‌కు. జ్యూరీకి (విద్యార్థుల పనిని పరిశీలించి మార్కులు వేసే పరీక్షకు) వారం ముందు ల్యాప్‌టాప్ చెడిపోయి, మరో ప్రతి లేక, ఆరు నెలల పని పోగొట్టుకున్న ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చినప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

సాఫ్ట్‌వేర్ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ సంస్థ విద్యార్థులకు తగ్గింపు ధర ఇస్తుంది కానీ, ఆ ధర మొదటి ఏడాది తరువాత పెరుగుతుంది. నెలనెలా కట్టే వార్షిక పథకాన్ని మధ్యలో మానుకుంటే రుసుము కూడా పడుతుంది. స్నేహితులు ఇచ్చే క్రాక్ (లైసెన్సు లేని దొంగ) కాపీలతో వైరస్‌లు వస్తాయి, ఫైళ్లు పోతాయి. బొమ్మలు వేయడానికి క్రీటా, లోగోల వంటి గీతల డిజైన్లకు ఇంక్‌స్కేప్, త్రీడీకి బ్లెండర్ పూర్తిగా ఉచితం కనుక, మొదటి ఏడాది ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద వాటితో చేయి తిప్పడం అలవాటు చేసుకోమనండి. తెలుగు పోస్టర్లు చేసేటప్పుడు ఫోటోషాప్‌లో వత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తే కంప్యూటర్‌ను తప్పుపట్టనక్కర లేదు. టైప్ సెట్టింగులలో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకుని, మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంటు వాడితే అక్షరాలు సరిగా కుదురుకుంటాయి.

కొనడానికి వెళ్లే రోజు మీ అమ్మాయిని తప్పక వెంట తీసుకువెళ్లండి. తాను వేసిన బొమ్మ ఒకదాని అసలు కాగితాన్ని చేత్తోనూ, దాని మంచి ఫోటోను పెన్‌డ్రైవ్‌లోనూ పట్టుకెళ్లి, షాపులో రెండు మూడు తెరల మీద ఆ ఫోటో తెరిచి, చేతిలోని కాగితంతో పోల్చి చూడమనండి.