మతాలు ఇన్ని ఉన్నంత మాత్రాన అన్నీ అబద్ధమైపోతాయా?

మీరడిగింది ఇది: లోకంలో ఇన్ని మతాలున్నాయి, ఒకదాని మాట ఇంకోదానికి పొసగదు, అలాంటప్పుడు ఏదో ఒక మతం "మాదే సత్యం" అంటే ఎలా నమ్మడం? నా ఉద్దేశంలో, మతాలు చాలా ఉండటం వల్ల ఏ మతమూ అబద్ధమైపోదు. కానీ మన మతం నిజమని చూపించడానికి మనం చెప్పుకునే వాటిలో పెద్ద భాగం మాత్రం చెల్లకుండా పోతుంది.

యేసు సిలువ మీద చనిపోయాడని క్రైస్తవులంటారు. ఖురాన్ నాలుగో సూరా 157వ ఆయత్ ఆయన్ని చంపనూ లేదు, సిలువ వేయనూ లేదు అంటుంది. రెండూ ఒకేసారి నిజం కావు. అలాగని రెండూ అబద్ధమే అనలేం, ఆ రోజు జెరూసలేంలో ఏదో ఒకటే జరిగి ఉంటుంది కదా. గట్టు గురించి ఇద్దరు రైతులు కొట్టుకుంటున్నారని అసలు గట్టే లేదని ఏ సర్వేయరూ రాయడు.

"అన్ని మతాలూ చెప్పేది ఒకటే" అనే మాట కూడా నాకు మింగుడుపడదు. నలుగురిలో గొడవ రాకుండా ఉండటానికి బాగానే ఉంటుంది. కానీ క్రీస్తు చనిపోయి తిరిగి లేవకపోయి ఉంటే మా బోధ అంతా వ్యర్థమే అని తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు బైబిల్లోని కొరింథీయుల మొదటి పత్రిక 15వ అధ్యాయంలో తనే రాసుకున్నాడు, అలా సర్వం ఒక్క సంగతి మీద ఒడ్డినవాడితో "నువ్వు చెప్పేదీ మేం చెప్పేదీ ఒకటేలే" అంటే అది గౌరవమా? అంత దూరం ఎందుకు, మంత్రాలయం వెళ్లి రాఘవేంద్రస్వామికి దండం పెట్టుకొచ్చేవాళ్లలో ఎంతమంది గమనించారు, ఆయనది జీవుడూ బ్రహ్మమూ ఎన్నటికీ ఒకటి కావనే మధ్వ సంప్రదాయమని, ఆ రెండూ ఒకటేననే శంకరుల అద్వైతానికి అది నేరుగా ఎదురని? ఆ సంప్రదాయంలోని వ్యాసతీర్థులు న్యాయామృతం రాసి అద్వైతాన్ని ఖండిస్తే, మధుసూదన సరస్వతి అద్వైతసిద్ధి రాసి దానికి వరసగా జవాబులిచ్చారు. ఎదుటివాడు తెలివైనవాడని తెలిసి కూడా ఇద్దరిలో ఎవరూ "అయితే సత్యమనేదే లేదు" అనుకోలేదు. (గుడ్డివాళ్లూ ఏనుగూ కథ చెప్పి కొట్టిపారేస్తారు కొందరు. బౌద్ధుల ఉదానం అనే గ్రంథంలో బుద్ధుడు ఆ కథ చెప్పింది అందరూ తలా కాస్త రైటే అని కాదు, చూడలేనివాళ్లు ఇలా తన్నుకుంటారని. తనను ఆ గుడ్డివాళ్లలో కలుపుకోలేదు.)

ఇక పుట్టుక సంగతి. లండన్‌లో చర్చికి వెళ్లేవాడు పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) పుట్టి ఉంటే బౌద్ధుడో కన్‌ఫ్యూషియస్ బాటలో నడిచేవాడో అయ్యేవాడని 1859లోనే ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ రాశాడు. నిజమే, నేనూ ఇదే ఊళ్లో నాలుగు వీధుల అవతల పుట్టి ఉంటే ఈపాటికి నమాజు చేస్తుండేవాణ్ణి. అయినా నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందనేది వేరు, అది నిజమా కాదా అనేది వేరు. నాస్తికుల ఇంట్లో పుట్టి నాస్తికుడైనవాణ్ణి చూపించి దేవుడున్నాడని రుజువు చేయలేం. ఊరికే వచ్చిన నమ్మకం మీద అంత ధీమా తగదు అనడానికి మాత్రం ఈ వాదన పనికొస్తుంది, ఆ మేరకు నాకు గట్టిగానే తగిలింది.

మాది నెల్లూరు. మొహర్రం నెలలో ఇక్కడ బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అంటూ. హిందువులూ బోలెడంతమంది దిగుతారు ఆ నీళ్లలోకి. నాకు ఉద్యోగం దొరక్క ఇంట్లో టెన్షన్‌గా ఉన్న రోజుల్లో మా అమ్మ అక్కడ ఉద్యోగ రొట్టె పట్టింది. అది చాలదన్నట్టు తిరుమలకి నా తలనీలాలు మొక్కుకుంది. పక్కింటి ఆంటీ తమ చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించింది. ఉద్యోగం వచ్చింది. మరుసటేడు అమ్మ చెరువులో రొట్టె ఇచ్చింది, నాకు గుండు కొట్టించింది, ఆంటీ చర్చిలో సాక్ష్యం చెప్పింది. వచ్చింది ఒకటే ఉద్యోగం, జమ అయింది మాత్రం మూడు ఖాతాల్లో. అమ్మకి ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు. నాకు కనిపించింది. "మొక్కుకున్నాను, తీరింది, కాబట్టి నా దేవుడే నిజం" అని అన్ని మతాలవాళ్లూ అంతే నిజాయితీగా చెప్పగలిగినప్పుడు అది ఏ ఒక్క మతానికీ ప్రత్యేకంగా రుజువు కాదు. ఒక మతంవాళ్లు చెప్పే అద్భుతం ఇంకో మతం అద్భుతానికి ఎదురు సాక్ష్యమే అవుతుందని 18వ శతాబ్దంలో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అన్నదీ దాదాపు ఇదే. ధ్యానంలో దొరికే శాంతి, భజనలో వచ్చే కన్నీళ్లు, అన్నీ ఇదే లెక్క. "పైన ఏదో ఉంది" అనడానికి ఇవన్నీ కలిపి పనికొస్తాయేమో గానీ "మాదే" అనడానికి పనికిరావు.

కాబట్టి సిలువ సంగతి చరిత్రతో తేల్చుకోవాలి, జీవుడూ బ్రహ్మమూ ఒకటా కాదా అనేది తర్కంతో. నేను ఇప్పటికీ గుడికి వెళ్తాను. కర్మ సిద్ధాంతం మీద నాకు అనుమానాలున్నాయి, అయితే అవి పక్కవీధిలో మసీదు ఉన్నందుకు వచ్చినవి కావు. పుట్టుకతోనే గుండెజబ్బున్న పసిబిడ్డ తల్లి దగ్గర నిలబడి "పూర్వజన్మలో చేసిందమ్మా" అని అనగలమా అన్నచోట వచ్చినవి. దానికి జవాబు చెప్పాల్సింది కర్మ సిద్ధాంతమే, లోకంలో ఇంకే మతమూ లేకపోయినా చెప్పాల్సిందే.