గొంతు వేరు, గొంతున్న గది వేరు

తమ్ముడూ,

ఏ ఎఫెక్ట్‌ని ఇన్సర్ట్‌లో (ట్రాక్ సౌండ్ మొత్తం దాటే దారి) పెట్టాలి, దేన్ని సెండ్‌లో (కొంత సౌండ్ కాపీని వేరే ఛానెల్‌కి పంపే దారి) పెట్టాలి అని అడిగావు కదా. నువ్వు పంపిన పాట మిక్సింగ్ సెషన్ తెరిచాను. పద్నాలుగు ట్రాకులు, ప్రతిదాని మీదా ఇన్సర్ట్‌లో ఓ రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని చేర్చేది), ఒక్కోదానికి ఒక్కో ప్రీసెట్ (ముందే అమర్చి ఉన్న సెట్టింగ్). వేణువు పెద్ద హాల్లో ఉంది, తబలా బాత్‌రూంలో ఉంది, గొంతు ఏదో గుహలో ఉంది. కంప్యూటర్ మొరాయిస్తోందని రాశావు. అది చిన్న సంగతి. వీళ్లంతా ఒకచోట కూర్చుని వాయిస్తున్నట్టు లేదు, అదీ అసలు తంటా.

సెండ్ ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం సందేహం తీరుతుంది. 1957లో వచ్చిన ఈఎంటీ 140 ప్లేట్ రివర్బ్ (ఉక్కు రేకు కంపనంతో ప్రతిధ్వని పుట్టించే యంత్రం) బరువు సుమారు 270 కిలోలు. ఛానెల్‌కొకటి పెట్టుకోవడం కుదిరే పనా? అందుకని ప్రతి ఛానెల్ నుంచీ కొంత సౌండ్ ఆ ఒక్క ప్లేట్‌కి పంపి, తిరిగొచ్చినదాన్ని అసలు సౌండ్ పక్కన కలిపేవారు. ఇప్పుడా బరువు లేదు గానీ, అందరికీ ఒకే గది అన్న లాభం చెక్కుచెదరలేదు.

కాబట్టి ఏ ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ ఎఫెక్ట్) తీసినా ఒకటే చూడు: ఇది గొంతునే మార్చాలా, గొంతు పక్కన ఇంకోటి చేర్చాలా? ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దేది), గేట్ (చిన్న చప్పుళ్లని మూసేది), డీఎస్సర్ (‘స’ బుస తగ్గించేది), మామూలు కంప్రెషన్ (లెవెల్ హెచ్చుతగ్గుల్ని అణిచేది) మార్చేవి, ఇన్సర్ట్‌లో పెట్టు. 90 హెర్ట్జ్ కింది గురగుర పోవాలంటే సౌండ్ మొత్తం ఆ ఫిల్టర్‌లోంచే వెళ్లాలి. సెండ్‌లో పెడితే డ్రై (ఎఫెక్ట్ కలవని అసలు) ట్రాక్‌లో గురగుర ఎక్కడిదక్కడే ఉంటుంది. రివర్బ్, డిలే (సౌండ్‌ని కాస్త ఆగి మళ్లీ వినిపించేది) చేర్చేవి, అవి సెండ్‌కి.

స్టీరియో ఆక్స్ (సెండ్‌లు వచ్చి చేరే ఛానెల్) ఒకటి తెరిచి రివర్బ్ పెట్టు. మిక్స్ నాబ్ 100 శాతం వెట్ (ఎఫెక్ట్ మాత్రమే). చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్రీసెట్‌లో వచ్చిన 30 శాతం అలాగే వదిలేస్తే డ్రై గొంతు రెండోసారి వచ్చి కలుస్తుంది. సెండ్ పెంచేకొద్దీ గది కంటే ముందు గొంతే పెద్దదవుతుంది. పైగా ఆ రెండో గొంతు ఒకట్రెండు మిల్లీసెకన్లు ఆలస్యమైందా, గొట్టంలోంచి పాడినట్టుంటుంది. రిటర్న్ ఫేడర్ (ఆ ఆక్స్ లెవెల్ మార్చే మీట) 0 డీబీ మీద ఉంచి, సెండ్ మైనస్ 20 డీబీ నుంచి మెల్లగా పెంచు. సోలోలో కాదు, పాటంతా మోగుతుండగా. గది వినపడగానే రెండు డీబీ వెనక్కి తగ్గు.

సెండ్ పోస్ట్ ఫేడర్‌లో (గొంతు ఫేడర్ దాటాక) ఉండాలి, గొంతు తగ్గిస్తే గదీ తగ్గుతుంది. ప్రీ ఫేడర్‌లో (ఫేడర్‌కి ముందే) ఉంటే గొంతు పూర్తిగా కిందికి లాగినా దెయ్యంలా రివర్బ్ మిగిలిపోతుంది. సింగర్ హెడ్‌ఫోన్ మిక్స్‌కి మాత్రం ప్రీ ఫేడరే కావాలి, లేకపోతే నువ్వు ఫేడర్ కదిపిన ప్రతిసారీ వాళ్ల చెవిలో లెవెల్ మారిపోతుంది.

తెలుగు పాటకి సెండ్ ఇంకో మేలు చేస్తుంది. ‘పట్టు’, ‘ముక్క’ అన్నప్పుడు ఒత్తుకి ముందు చిన్న నిశ్శబ్దం ఉంటుంది. రివర్బ్ తోక ఆ నిశ్శబ్దాన్ని నింపేస్తే ‘పట్టు’ కాస్తా ‘పటు’ అవుతుంది. రిటర్న్ మీద రివర్బ్ తర్వాత ఒక కంప్రెసర్ పెట్టి, దాని సైడ్‌చైన్‌కి (కంప్రెసర్‌ని నడిపించే విడి ఇన్‌పుట్) డ్రై గొంతునివ్వు, గొంతు మోగినప్పుడల్లా రివర్బ్ తగ్గుతుంది. రేషియో (ఎంత గట్టిగా అణచాలో) 4:1, అటాక్ (ఎంత త్వరగా పట్టుకోవాలో) 5 మిల్లీసెకన్లు, నాలుగైదు డీబీ తగ్గితే చాలు. రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 250 మిల్లీసెకన్ల దగ్గర ఉంచు. 50 పెట్టావో, కంప్రెసర్ సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే వదిలేసి రివర్బ్‌ని పైకి తెస్తుంది, ముందుకంటే అధ్వానం. ఇన్సర్ట్ రివర్బ్‌తో ఈ పని కుదరదు, గొంతూ గదీ అప్పటికే కలిసిపోయి ఉంటాయి కదా.

రివర్బ్‌కి ముందు ఈక్యూతో 600 హెర్ట్జ్ కింద, 10 వేల హెర్ట్జ్ పైన కోసెయ్. లండన్ అబ్బే రోడ్ స్టూడియో పేరుతో చలామణిలో ఉన్న పద్ధతి ఇది. బురద తగ్గుతుంది, ‘స’, ‘శ’ల బుస గదిలోకి పాకదు.

మినహాయింపులు లేకపోలేదు. గిటార్ మీద స్ప్రింగ్ రివర్బ్ ఆ గిటార్ స్వభావంలో భాగం, ఇన్సర్ట్‌లోనే ఉండనీ. కోరస్, ఫేజర్ కూడా అంతే (పాడే కోరస్ కాదు, ఎఫెక్ట్). డ్రమ్స్‌కి పారలల్ కంప్రెషన్ (అణిచిన కాపీని అసలు సౌండ్ పక్కన కలపడం) కావాలంటే కంప్రెసరే సెండ్‌కి వెళ్తుంది.

ఇప్పుడు ఆ పద్నాలుగు రివర్బ్‌లూ తీసేసి మూడే ఆక్స్‌లు పెట్టు: 0.8 సెకన్లు మోగే చిన్న గది, 1.8 సెకన్లు మోగే ప్లేట్, ఒక డిలే. ప్లేట్‌కి ప్రీ డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు విరామం) 30 మిల్లీసెకన్లు. పాట 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) కాబట్టి బీట్‌కి 667 మిల్లీసెకన్లు, డిలే అందులో సగం, 333. తబలాని ప్లేట్‌కి పంపకు, చిన్న గది చాలు. స్టెమ్స్ (విడివిడి ట్రాకుల ఫైళ్లు) పంపేటప్పుడు రిటర్న్‌లు మూడూ విడిగా ఎక్స్‌పోర్ట్ చెయ్, డ్రై ట్రాకుల్లో కలపకుండా.