ఆ ఫుటేజీ ఎన్నాళ్లుంటది?

పోలీసు కెమెరాలు, ఫోన్ తనిఖీలు, చలాన్ల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలివి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: గెట్టు పంచాయితీల మా తమ్ముణ్ని ఠాణాకు పిలిపించి తెల్లారేదాకా కూసోబెట్టిండ్రు. కొట్టిండ్రని వాడంటడు, చెయ్యే వెయ్యలేదని వాళ్లంటరు. లోపట కెమెరాలైతే ఉన్నయి. ఆ వీడియో మాకిస్తరా? ఎవరిని అడగాలె?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఇస్తారా లేదా అన్నది తర్వాతి మాట. ముందు అది చెరిగిపోకుండా ఆపాలి. చాలామంది వీడియో కాపీ కోసం నెలల తరబడి తిరుగుతారు, ‘దాన్ని భద్రపరచండి’ అని మాత్రం ఒక్క కాగితం కూడా ఇవ్వరు. ఈలోపు డిస్కు నిండి పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది.

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఇచ్చిన తీర్పు మీకు ఆధారం. దాని ప్రకారం ప్రతి ఠాణాలో గేటు, లోపలికీ బయటికీ వెళ్లే దారులు, లాకప్పులు, వరండా, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, వెనక భాగం అన్నీ కెమెరా కిందికి రావాలి. బాత్రూముల బయట ఉండాలి, లోపల ఉండకూడదు. చీకట్లో కూడా కనబడాలి, మాట కూడా రికార్డు కావాలి. రికార్డింగును 18 నెలలు దాచాలి. అంత సామర్థ్యమున్న పరికరం మార్కెట్లో దొరకకుంటే దొరికినవాటిలో పెద్దది కొనాలి, అప్పుడు కూడా ఏడాదికి తగ్గడానికి వీల్లేదు. కెమెరాలు నడిచేలా చూసే బాధ్యత ఠాణా ఇన్‌చార్జి అధికారి అయిన ఎస్‌హెచ్‌ఓదే. ఠాణా గుమ్మం దగ్గర పెద్ద బోర్డు పెట్టి, హక్కులకు భంగం కలిగినవాళ్లు ఫుటేజీని భద్రపరచమని అడగవచ్చని స్థానిక భాషలో కూడా రాయాలని అదే తీర్పు చెప్పింది. మీ ఠాణా ముందు ఆ బోర్డు ఉంటే ఒక ఫొటో తీసి పెట్టుకోండి, లేకపోతే ఖాళీ గోడనే ఫొటో తీయండి.

ఇప్పుడు ఉత్తరం. ఒకే ఉత్తరాన్ని ముగ్గురికి పంపండి: ఎస్‌హెచ్‌ఓకు, జిల్లా ఎస్పీకి, ఈ తీర్పు ప్రకారం ఏర్పడే జిల్లా స్థాయి పర్యవేక్షక కమిటీకి. ఆ కమిటీలో కలెక్టర్, ఎస్పీ సభ్యులు కాబట్టి కలెక్టరేట్ చిరునామా సరిపోతుంది. ప్రజావాణి రోజున కలెక్టరేట్‌లో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నా మంచిదే. మిగతా రెండూ స్పీడ్ పోస్టులో పంపి, రసీదుతో పాటు డెలివరీ అయినట్టు చూపే ట్రాకింగ్ పేజీని ప్రింటు తీసుకోండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఒక నకలు పంపండి.

‘మీ ఠాణాలోని ఫుటేజీ మొత్తం ఇవ్వండి’ అని రాస్తే తిరస్కరించడం సులువు. తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఏ చోటు అన్నది విడగొట్టి రాయండి: గేటు దగ్గర రాత్రి 9.30 నుంచి 10.15, వరండాలో 10 నుంచి తెల్లవారుజాము 5.30, ఎస్సై గది బయట అదే సమయం, ఇట్లా. బొమ్మతో పాటు ఆడియో కూడా అని ప్రత్యేకంగా రాయండి. రికార్డర్‌లో కనిపించే గడియారానికీ అసలు సమయానికీ ఎంత తేడా ఉందో నమోదు చేయమని కోరండి. గడియారం నలభై నిమిషాలు వెనక నడుస్తుంటే, మీరు అడిగిన సమయంలో ‘ఏమీ లేదు’ అనే జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు గానీ మీకు పనికొచ్చే నిజమూ కాదు.

కాపీ కోసం సమాచార హక్కు కింద ఎస్పీ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. గడువు 30 రోజులు. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే సెక్షన్ 7(1) ప్రకారం 48 గంటల్లో ఇవ్వాలి. తమ్ముడు ఇంకా లోపలే ఉంటే ఆ సంగతి దరఖాస్తు మొదటి వరుసలోనే రాయండి. దర్యాప్తుకు అడ్డమని సెక్షన్ 8(1)(హెచ్) చూపి కాదంటే, కేసు నడుస్తోందన్న ఒక్క కారణం చాలదని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది. ఇస్తే దర్యాప్తు ఎట్లా దెబ్బతింటుందో వాళ్లే చూపాలి. మొదటి అప్పీలుకు 30 రోజులు, సమాచార కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజుల గడువు ఉంటుంది.

నిజానికి వీటన్నిటికంటే దగ్గరి దారి కోర్టు. అరెస్టు చూపించి మేజిస్ట్రేట్ ముందు పెడితే, దెబ్బల సంగతి అక్కడే నోటితో చెప్పాలి. ఠాణా ఫుటేజీని తెప్పించమని వకీలు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద పిటిషన్ వేయవచ్చు. అరెస్టు చూపకుండా పంపేస్తే ఆ రోజే సర్కారు దవాఖానకు వెళ్లి మెడికో లీగల్ కేసుగా (పోలీసు, కోర్టు అవసరాలకు దెబ్బలను నమోదు చేసే రికార్డుగా) రాయించండి. కమిలిన మచ్చల రంగు రోజురోజుకూ మారుతుంది, వారం తర్వాత డాక్టరు రాసేదానికి బలముండదు. వకీలును పెట్టుకునే స్తోమత లేకుంటే 15100కు ఫోన్ చేయండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది.

‘ఆ రోజు కెమెరా పనిచేయలేదు’ అన్న జవాబు వస్తే అక్కడితో వదలకండి. ఎప్పటి నుంచి పనిచేయడం లేదు, బాగు చేయమని ఏ తేదీన రాశారు, జిల్లా కమిటీకి తెలిపిన ఉత్తరం నకలు ఇవ్వండి అని రెండో దరఖాస్తు పెట్టండి. కెమెరా చెడిపోతే ఎస్‌హెచ్‌ఓ వెంటనే కమిటీకి తెలపాలన్నది కూడా తీర్పులో ఉన్నదే. ఆ కాగితాలు లేకపోవడం కోర్టులో మీకే కలిసొస్తుంది. ఠాణాల్లో కెమెరాలు పనిచేయకపోవడం మీద సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తనంతట తానే కేసు చేపట్టింది కూడా.

ప్రశ్న: మాది రోడ్డు మీద కిరాణా దుకాణం, నాలుగు కెమెరాలున్నయి. ముందర యాక్సిడెంటయితే పోలీసులు వీడియో దాచే డీవీఆర్ డబ్బానే ఇయ్యమంటున్నరు. ఇయ్యాల్నా? నా దగ్గర నెల రోజుల వీడియో లేకుంటే కేసైతదా?
– ఒక వ్యాపారి, జడ్చర్ల

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. 30 రోజుల ఫుటేజీ దాచాలన్న నిబంధన 2013 నాటి ప్రజా భద్రత చట్టంలోది. ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే చోట్లకు అది వర్తిస్తుంది: ఫంక్షన్ హాళ్లు, ఆస్పత్రులు, కాలేజీలు, గుళ్లు, పెద్ద షాపులు. మామూలు కిరాణాకు వర్తించదు. పోలీసుల ‘నేను సైతం’ కెమెరాల కార్యక్రమం కింద పెట్టుకున్న కెమెరా మీ ఇష్టంతో పెట్టుకున్నదే.

అయినా మీ డబ్బాలో ఎన్ని రోజులుంటుందో లెక్క తెలిసి ఉండాలి. 2 మెగాపిక్సెల్ కెమెరా, వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21.6 జీబీ అవుతుంది. నాలుగింటికి 86 జీబీ. 1 టీబీ డిస్కు పదకొండు రోజులకే నిండిపోతుంది. పాత హెచ్.264 డబ్బాలో 4 మెగాబిట్ల మీద పెట్టి ఉంటే అందులో సగమే. నెల కావాలంటే 2.6 టీబీ, అంటే 3 టీబీ డిస్కు వేయాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే మోడ్ పెడితే రోజులు పెరుగుతాయి గానీ, బండి వచ్చి గుద్దే మొదటి రెండు సెకన్లు ఒక్కోసారి తప్పిపోతాయి. అసలు కావలసినవే అవి.

ఇక డబ్బా. వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 106 కింద పోలీసులకు ఉంది, కాబట్టి తలుపేసుకొని కూర్చుంటే కుదరదు. కానీ రోడ్డు ప్రమాదానికి చాలావరకు కాపీ సరిపోతుంది. ముందు డీవీఆర్ తెరను, పక్కనే మీ మొబైల్ గడియారాన్ని ఒకే ఫొటోలో తీయండి, సమయం తేడా అందులోనే తేలిపోతుంది. లోపలి చిన్న బటన్ బ్యాటరీ అయిపోయిన డబ్బాలు కరెంటు పోయొచ్చినప్పుడల్లా తేదీని ఏళ్ల వెనక్కి తిప్పేస్తాయి. తర్వాత సంఘటనకు అరగంట ముందు నుంచి అరగంట తర్వాతి వరకు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. తెరను మొబైల్‌తో షూట్ చేసి వాట్సాప్‌లో పంపితే పని జరగదు, ఆ వీడియో బరువు తగ్గి, అసలు ఫైలు వివరాలు ఊడిపోయి చేరుతుంది. కంప్యూటర్‌లో సెవెన్‌జిప్ అనే ప్రోగ్రామ్ ఉంటే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి షా-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్రలాంటి పొడవాటి సంఖ్య) తీసి రాసి పెట్టుకోండి. ఫైల్లో ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య మారిపోతుంది.

భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ఒక సర్టిఫికెట్ కూడా అడుగుతారు. 2024 జులై 1 నుంచి దానికి అచ్చు ఫారం ఉంది: మొదటి భాగంలో పరికరం నడిపే మీరు, రెండో భాగంలో నిపుణుడు సంతకం చేయాలి. డీవీఆర్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, హ్యాష్ అందులో రాయాలి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. డబ్బానే తీసుకెళ్తే సీరియల్ నంబరుతో పంచనామా నకలు తీసుకోండి. విడిపించుకోవడానికి మేజిస్ట్రేట్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 503 కింద దరఖాస్తు వేయవచ్చు.

ఒక పక్కమాట. మీ కెమెరాలో మనిషి ముఖం గుర్తుపట్టేలా ఉంటుందని ఎవరికీ మాటివ్వకండి. ముఖం గుర్తించడానికి మీటరుకు 250 పిక్సెళ్లు కావాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. 2.8 ఎంఎం లెన్సుతో అది దాదాపు 3 మీటర్ల వరకే దక్కుతుంది. రోడ్డు అవతలి మనిషి చొక్కా రంగు తెలుస్తుంది, అంతే. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తగిలి నంబరు ప్లేటు తెల్లటి ముద్దగా మారుతుంది.

ప్రశ్న: పోలీసులు రోడ్డు మీద డ్యూటీ చేస్తుంటే ఫోన్లో వీడియో తీయొచ్చా? ఠాణా లోపల?
– డిగ్రీ విద్యార్థి, వనపర్తి

జవాబు: బహిరంగ చోట తీయకూడదని చెప్పే చట్టమేదీ లేదు. కేసు పడేది తీసినందుకు కాదు, అడ్డం పడినందుకు: భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 221 విధులకు ఆటంకం, 132 విధుల్లో ఉన్నవాళ్ల మీద దాడి, బలప్రయోగం. కాబట్టి నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడండి, వెనక్కి జరగమంటే జరుగుతూనే తీయండి, నోటితో వ్యాఖ్యానం వద్దు. ఠాణా లోపల తీశారని అధికార రహస్యాల చట్టం పెట్టిన కేసును బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి 2022లో కొట్టేసింది. ఆ చట్టం చెప్పే ‘నిషేధిత ప్రదేశం’లోకి ఠాణా రాదంది. మన కోర్టులు దానికి కట్టుబడాల్సిన పని లేకున్నా వకీలు చూపించుకోవచ్చు. అత్యాచార బాధితులు, పిల్లలు ఫ్రేములో ఉంటే మాత్రం ఎక్కడా పెట్టకండి, అది వేరే నేరం.

ప్రశ్న: రాత్రి బండ్ల తనిఖీలో ఫోను అన్‌లాక్ చేసి వాట్సాప్ చూపించమన్నరు. ముఖం ఫొటో కూడా తీసుకున్నరు. తీయొచ్చా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: లైసెన్సు, ఆర్సీ చూపించడం వేరు, ఫోను విప్పి చూపించడం వేరు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి పేరుతో దారినపోయేవాళ్ల వాట్సాప్ తెరిచి చూసిన వీడియోలు బయటికొచ్చి పెద్ద గొడవే అయింది. కేసేమీ లేకుండా దారిలో ఆపి ఫోను గాలించే అధికారాన్ని ఏ సెక్షనూ ఇవ్వలేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది కూడా. ‘ఏ కేసులో సార్? నోటీసు ఇస్తే వకీలుతో వస్తాను’ అనండి చాలు. కేసు ఉండి ఫోను స్వాధీనం చేసుకుంటే పంచనామాలో ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) నంబరు, ఫోను ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది రాయించండి. 2024 జులై నుంచి సోదా, స్వాధీనాలను బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 ప్రకారం వాళ్లే వీడియో తీయాలి. పిన్ చెప్పి తీరాలా అన్నదాని మీద హైకోర్టుల మాట ఒకే తీరుగా లేదు, ఆ చోట వకీలు లేకుండా నిర్ణయం తీసుకోకండి.

ఫొటో సంగతి: మన పోలీసుల చేతిలోని టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాన్ని పాత నేరస్థుల ఫొటోలతో పోల్చే సదుపాయం 2018 నుంచి ఉంది. వేలిముద్రలు, ఫొటోలు, కనుపాప కొలతలు తీసుకోవడానికి 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ఉంది గానీ, అది శిక్ష పడ్డవాళ్లు, అరెస్టయినవాళ్లు, బైండోవర్ అయినవాళ్ల (శాంతికి, మంచి నడతకు పూచీ ఇచ్చినవాళ్ల) గురించి. మిగతావాళ్ల కొలతలకు మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. దారిన పోయేవాళ్ల ముఖం తీయడాన్ని సవాలు చేస్తూ హైదరాబాద్ నుంచి ఒక వ్యాజ్యం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. ఈ చట్టం కింద తీసిన వివరాలు 75 ఏళ్లు ఉంటాయి. పాత శిక్షలేవీ లేకుండా నిర్దోషిగా బయటపడ్డవాళ్లవి, అప్పీళ్లు ముగిశాక తీసేయాలని చట్టంలోనే ఉంది. తీర్పు ధ్రువ నకలు జతచేసి, దీని కోసం రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నోడల్ అధికారికి దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: మా బైకు ఊరు దాటలేదు. హైదరాబాద్‌లో హెల్మెట్ లేదని చలానా వచ్చింది.
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ముందు ఆ మెసేజ్ నిజమైనదో కాదో చూడండి. వాట్సాప్‌లో ఏపీకే (ఫోనులో యాప్ ఎక్కించే) ఫైలు పంపి ‘చలానా చూసుకోండి’ అంటే అది మోసం. తెరవకండి. తెరిచి ఉంటే నెట్ ఆపి, వేరే ఫోను నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ సైటులో బండి నంబరు మీరే కొట్టి ఫొటో చూడండి. చాలావరకు ప్లేటు మీద 8ని 3గా, 0ను 6గా చదివిన పొరపాట్లే. బండి మోడల్, రంగు తేడా ఉంటే మీ బైకు ఫొటో, ఆర్సీ జతచేసి అదే సైటులో ఫిర్యాదు ఇవ్వండి. మోడల్ కూడా మీదే అయి ఉంటే ఎవరో మీ నంబరు తగిలించుకు తిరుగుతున్నట్టు. అప్పుడు చలానా కట్టేయకండి, ముందు ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, రేపు ఆ బండి ఇంకేదైనా కేసులో దొరికితే అదే అక్కరకొస్తుంది. కెమెరా ఆధారంగా వేసే చలానాకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నిబంధన వర్తిస్తుంది: నోటీసు 15 రోజుల్లో పంపాలి, అందులో ఉల్లంఘన, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, సమయం, స్థలం ఉండాలి. కెమెరాకు ఏటా పునరుద్ధరించే ఆమోద పత్రం ఉండాలి. స్పీడు చలానా అయితే ఆ పత్రం నకలు అడగండి.