అరికాలి పుండుకు కప్ప చర్మం మందు దొరుకుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నాకు 54 ఏళ్లు. నరసాపురం దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేస్తాం. పదేళ్లుగా షుగర్ ఉంది. రెండు నెలల కిందట చెరువులో దిగినప్పుడు కుడి అరికాలికి గుల్ల కోసుకుంది. సాయంత్రం కాళ్లు కడుక్కునేదాకా తెలియలేదు. అప్పటినుంచి పుండు మానడం లేదు. జ్వరం, వాపు లేవు, కొంచెం నీరు కారుతోంది. మూడు రకాల యాంటీబయాటిక్స్ వాడాను. పుండులో ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్ష చేయిస్తే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అని వచ్చింది. అన్ని యాంటీబయాటిక్స్ పక్కనా ‘ఆర్’ (పనిచేయదు) అనే ఉంది, ఒక్క కొలిస్టిన్ పక్కన ‘ఐ’ (మధ్యరకం) ఉంది. కప్ప చర్మంలోని పెప్టైడ్లను (చిన్న ప్రొటీన్ ముక్కలను) మార్చి ఇలాంటి మొండి బ్యాక్టీరియాకు మందు చేస్తున్నారని మా అబ్బాయి ఫోన్లో చదివాడు. అది దొరుకుతుందా? దొరక్కపోతే కొలిస్టిన్ చేయించుకోమంటారా?

జవాబు: ముందు కాలు సంగతి, తర్వాత కప్ప సంగతి.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట క్లెబ్సియెల్లా కాదండీ, ‘సాయంత్రం దాకా తెలియలేదు’ అన్నది. అంటే షుగర్ వల్ల అరికాలిలో స్పర్శ పోయింది. నొప్పి తెలిసినవాడు కుంటుతాడు, ఆ కాలికి రెస్ట్ దొరుకుతుంది. మీకు నొప్పి లేదు కాబట్టి రోజూ అదే పుండు మీద ఒళ్లు బరువంతా మోపి గట్ల మీద తిరుగుతూ ఉంటారు. పొద్దున కట్టిన కొత్త కండ సాయంత్రానికి నలిగిపోతుంది. దాన్ని మాన్పే యాంటీబయాటిక్ ఏదీ లేదు.

ఇక రిపోర్టు. పుండు పైన దూదిపుల్ల రుద్ది పంపితే, చెరువు నీళ్లలో నానిన కాలిమీద ఏదో ఒక బ్యాక్టీరియా పెరగక మానదు. పుండు మీద బ్యాక్టీరియా ఉండటం వేరు, ఇన్ఫెక్షన్ వేరు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి, చీము, వీటిలో కనీసం రెండైనా ఉంటేనే ఇన్ఫెక్షన్ అంటాం. అవి లేనప్పుడు రిపోర్టు చూసి మందు వేయకూడదు. నిజంగా అవసరమైతే పుండును శుభ్రం చేశాక లోపలినుంచి చిన్న ముక్క తీసి కల్చర్‌కు పంపాలి.

కొలిస్టిన్ మాట ఇప్పుడు వద్దు. మీ రిపోర్టులోని ఆ ‘ఐ’ కూడా పెద్ద భరోసా ఏమీ కాదు. చాలా ల్యాబులు పాటించే అమెరికా ప్రమాణాల్లో 2020 నుంచి ఈ మందుకు ‘ఎస్’ (బాగా పనిచేస్తుంది) అన్నదే తీసేశారు, దీనికి వచ్చే అతి మంచి మార్కు ‘ఐ’. ఆసుపత్రిలో పెట్టి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసుకుంటూ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇచ్చే ఇంజెక్షన్ అది. కిడ్నీలను దెబ్బతీస్తుంది. పదేళ్ల షుగర్ ఉన్నవారికి ఊరికే ఎందుకిస్తాం? ఒకప్పుడు మేతల్లో కూడా కలిపేవారు. 2019 జూలైలో కేంద్రం కోళ్లకు, పశువులకు, ఆక్వాకు దాన్ని నిషేధించింది. మీ చెరువుల మీద మీకూ తెలిసే ఉంటుంది.

మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి: కొలిస్టిన్ కూడా పెప్టైడే. అదొక బ్యాక్టీరియా తయారుచేసేది.

ఇప్పుడు కప్ప. మైకేల్ జాస్లాఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆఫ్రికా కప్పలకు ఆపరేషన్ చేసి మురికి నీళ్ల తొట్టిలో వదిలేస్తే, కుట్లు చీము పట్టకుండా మానిపోవడం గమనించారు. ఆ చర్మంలోంచి 1987లో బయటపడ్డవే మగైనిన్లు. బ్యాక్టీరియా పైపొరకు రుణావేశం ఉంటుంది, వీటికి ధనావేశం. అంటుకుని పొరకు చిల్లులు పెడతాయి. మన కణాల పైపొరకు ఆ ఆవేశం పెద్దగా ఉండదు కాబట్టి చాలావరకు వదిలేస్తాయి. మన చర్మంలోనూ ఇలాంటివి ఉన్నాయి. మీ వనామీ రొయ్య రక్తకణాల్లోనూ 1997లో కొన్ని దొరికాయి. అలాగని రొయ్య పెంకు నూరి పుండుకు పెట్టకండి, అందులో మందు ఉండదు, కొత్త క్రిములు మాత్రం ఉంటాయి!

మరి ఉన్నవాటిని ఉన్నట్టే వాడొచ్చు కదా? చీములోని ఎంజైములు వాటిని ఇట్టే తెంపేస్తాయి. కొన్నిటికి మన, పర భేదం ఉండదు. తేనెటీగ విషంలోని మెలిటిన్ మన ఎర్ర రక్తకణాలనూ పగలగొడుతుంది. అందుకే మార్పులు చేస్తారు. పెప్టైడ్ గొలుసులో పూసల్లాంటి అమైనో ఆమ్లాలను ఒకదాని బదులు ఒకటి పెట్టడం, అద్దంలో బొమ్మలాంటి తిరగేసిన రూపం వాడి ఎంజైముకు చిక్కకుండా చేయడం, గొలుసు రెండు కొసలు కలిపి ఉంగరంలా చుట్టడం, ఇలా.

మగైనిన్‌నూ అలాగే మార్చారు. అందులో ధనావేశం ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాలు నాలుగు ఉంటే తొమ్మిది చేసి, ధనావేశం పెంచి, పెక్సిగనాన్ అనే మందు తయారుచేశారు. ఎవరి కోసమో తెలుసా? మీలాంటి షుగర్ పుండ్లవారి కోసమే. పైన రాసే క్రీము. 1999లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు. మళ్లీ పెద్ద ట్రయల్స్ చేస్తే, మందు కలపని ఉత్త క్రీముకంటే మెరుగేమీ కాదని 2016లో తేలింది. పుండుకు కావలసింది బ్యాక్టీరియాను చంపడం ఒక్కటే కాదని నాకు అందులో కనిపిస్తుంది. ఈ రంగంలో పని ఆగలేదు, జరగాలి కూడా. కానీ మీ పుండుకు రాసే కప్ప మందు మాత్రం ఇవాళ మందుల షాపులో లేదు. ఆన్‌లైన్లో ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

చేయాల్సింది ఇది. ఈ వారంలోనే భీమవరంలోనో కాకినాడలోనో షుగర్ కాళ్లు చూసే సర్జన్ దగ్గరికి వెళ్లండి. పుండు చుట్టూ గట్టిపడిన చర్మం, చచ్చిన కండ కోసి శుభ్రం చేయించుకోండి. రెండు నెలల పుండు కాబట్టి ఎముకదాకా వెళ్లిందేమో ఎక్స్‌రే తీయించాలి, కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో చూడాలి. బరువు పడకుండా మోకాలి దాకా ప్రత్యేకమైన కట్టు వేస్తారు. అది విప్పుకుని గట్టు మీదికి పోతే వేసినట్టే కాదు. మూడు నెలల షుగర్ సగటు కూడా చూపించండి. పుండు మూసుకునేదాకా మేత చల్లడం, ఏరియేటర్లు చూడడం ఇంకొకరికి అప్పగించండి. ఆ కాలు చెరువులో పెట్టొద్దు. ఉప్పునీటిలో ఉండే విబ్రియో జాతి బ్యాక్టీరియా షుగర్, లివర్ జబ్బు ఉన్నవారికి గాయంలోంచి ఎక్కితే గంటల్లో ముంచుతుంది. కాలు ఎర్రబడి పైకి పాకినా, నల్లబడినా, బొబ్బలు లేచినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు రోజూ వేసుకునే చెప్పులు కూడా తీసుకెళ్లండి. లోపలివైపు చూస్తే పుండు ఎక్కడ నలుగుతోందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.